పెరటి పొయ్యి: రాయచూరు సీమ తెలుగువారి చరిత్రలో ఒక పుట

క్రొత్త యింట అడుగు పెట్టిన దినమున తెలుగువారు మొదట చేయు పని పాలు పొంగించుట. ఊరు విడిచి, నదులు దాటి, పరభాషా ప్రాంతమునకు చేరిన మన పెద్దలును మొదట మూడు రాళ్ళు పేర్చి, పాలగిన్నె యెక్కించి, అది పొంగిన తరువాతనే సామాను దింపుకొనిరి. కావున వలస వచ్చినవారి చరిత్రను భూముల దస్తావేజులలో వెదకుట ఎంత న్యాయమో, వారి పొయ్యిలలో వెదకుటయు అంత న్యాయమే. ఈ ఉగాది సంచికలో ఆ పొయ్యి కథను పాఠకులకు మనవి చేయదలచినాము.

ఈ విషయమును ఇప్పుడెత్తుటకు ఒక కారణము కలదు. తుంగభద్ర ఎడమకాలువ క్రింది తెలుగు కుటుంబముల బిడ్డలు పలువురు నేడు అమెరికా దేశమున, అందును టెక్సాసు రాష్ట్రములోని డల్లాసు, హ్యూస్టను నగరముల చుట్టుపట్ల కాపురమున్నారు. అక్కడి యిండ్లకు పెరళ్ళు గలవు. ఆ పెరళ్ళలో ఇనుప పీపాను అడ్డముగా పరుండబెట్టి, దాని ప్రక్కన నిప్పుపెట్టెను తగిలించిన ఒక విధమైన పొయ్యి గలదు. దానిని వారు ఆఫ్‌సెట్ స్మోకర్ అందురు. అందులో పలు రకములున్నవి. ఏ రకము కొనవలెనో తెలియక యువకులు తర్జనభర్జన పడుచున్నారు. ఇది క్రొత్త ప్రశ్నయని వారు తలచుచున్నారు. కాని నిప్పెక్కడ, వంటయెక్కడ, పొగ యెటు అను ఈ మూడు ప్రశ్నలు రాయచూరు సీమలో వారి అవ్వలకు దినదినము ఎదురైనవే.

నీళ్ళు వచ్చిన ఏడు

రాయచూరు సీమ కృష్ణా తుంగభద్రా నదుల నడుమ నున్న అంతర్వేది. విజయనగర రాజులును, బహమనీ సుల్తానులును దీనికొరకే తరతరములు పోరాడిరి. తరువాత ఇది నిజాము ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానమున జిల్లాగా నుండెను. 1945లో తుంగభద్ర ఆనకట్టకు పునాది పడినది. కుడిగట్టు పనులను మద్రాసు ప్రభుత్వమును, ఎడమగట్టు పనులను హైదరాబాదు ప్రభుత్వమును చేపట్టినవి. 1953లో కాలువలకు నీరు విడిచిరి. ఎడమగట్టు ప్రధాన కాలువ పొడవు 227 కిలోమీటర్లు, అనగా 141 మైళ్ళు. గంగావతి, సింధనూరు, మాన్వి, రాయచూరు ప్రాంతముల నల్లరేగడి భూములు దాని క్రిందికి వచ్చినవి.

1956 నవంబరు 1వ తేదీన భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరెను. అందులోని గద్వాల, ఆలంపురము తాలూకాలు మాత్రము ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. మైసూరు రాష్ట్రమునకు 1973లో కర్ణాటక అను పేరు వచ్చెను. గంగావతి తాలూకా 1997లో క్రొత్తగా ఏర్పడిన కొప్పళ జిల్లాలో కలిసెను. నేటి పటము చూచువారు ఈ మార్పులను గుర్తుంచుకొనవలెను. ఏలననగా మన కథ మొదలైన నాటికి గంగావతియు, సింధనూరును ఒకే జిల్లా.

కాలువ త్రవ్వుచుండగనే కొందరును, నీరు పారిన పిమ్మట మిగిలినవారును గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు జిల్లాల నుండి రైతులు వచ్చిరి. అక్కడ ఒక ఎకరము అమ్మిన సొమ్ముతో ఇక్కడ అనేక యెకరములు దొరకెడివి. స్థానిక రైతులకు జొన్న, పత్తి మొదలగు మెట్టపైరులు తెలియునుగాని రేగడిని చదునుచేసి, గట్లు పోసి, మాగాణిగా మార్చుటకు కావలసిన పెట్టుబడి లేకపోయెను. వచ్చినవారు పొలముల నడుమనే యిండ్లు వేసికొనిరి. ఆ ఊళ్ళకు క్యాంపు అను పేరు నిలిచిపోయినది. గంగావతి దాపున శ్రీరామనగరము, సింధనూరు తాలూకాలో గాంధీనగరము ఇట్లు వెలసినవే. ఈ కాలువను మొదట మెట్టపైరులకు తడులిచ్చుటకే ఎక్కువగా ఉద్దేశించిరి. మనవారు వరి విరివిగా వేసినందువలన పై భూములకు నీరు సమృద్ధియై, కాలువ చివరి భూములకు కొరతయై, ఆ వివాదము దశాబ్దములు నడచినది. ఈ మాటను కూడ చరిత్రలో దాచరాదు. ఆ వరియే మన పొయ్యిలను మార్చినది గనుక ఇక్కడ చెప్పవలసి వచ్చినది.

చెట్టు లేని మైదానము

డెల్టా గ్రామములలో వంటచెరకునకు అంతగా కరవు లేదు. కొబ్బరిమట్టలు, తాటిమట్టలు, సముద్రతీరమున సరుగుడు, కాలువగట్లపై తుమ్మ. రాయచూరు సీమకు వచ్చి చూచునప్పటికి కనుచూపు మేర నల్లని నేల. నీడకు చెట్టు కరవు. ఇక్కడి కన్నడ సోదరీమణులు పత్తికట్టె, కందికంప, జొన్నకొయ్యలు, పిడకలు కాల్చి వంట చేయుచుండిరి. వీరు పొయ్యిని ‘ఒలె’ అందురు. మన స్త్రీలు మొదట నేర్చిన కన్నడ పదములలో అదియొకటియై యుండుట సహజమే.

పత్తికట్టె చిటుకున మండి చిటుకున ఆరును. దానితో అన్నము వండవలెనన్న ఒకరు పొయ్యి ముందు నుండి లేవరాదు. పిడక నెమ్మదిగా కాలును, పొగ మెండు. కాబట్టి చెరకు మారగానే వంట చేయు తీరును మార్చవలసివచ్చినది. ఇది పైకి చిన్న విషయము. కాని దినమునకు మూడు నాలుగు గంటలు పొయ్యి ముందు గడపు స్త్రీకి ఇది చిన్నది కాదు. పొలమునకు నీరెట్లు పెట్టవలెనని పురుషులు రచ్చబండ వద్ద రాత్రులు చర్చించిరి. పొయ్యి యెట్లు కట్టవలెనని చర్చించుటకు ఎవరును సమావేశము పెట్టలేదు.

తరువాత వచ్చిన చెరకు సర్కారు తుమ్మ. ఇది మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండమునుండి వచ్చినది. 1877లో కడప జిల్లా కమలాపురము ప్రాంతమున దీని విత్తనములు చల్లించిరి. నేడు రాయచూరు, బళ్ళారి సీమలలో బీడు భూములను, చెరువుగట్లను ఇదియే ఆక్రమించినది. కన్నడిగులు దీనిని బళ్ళారి జాలి అందురు. ముల్లు చెడ్డది, నేలను విడువదు, ఇతర మొక్కలను బ్రతుకనీయదు. అయినను కట్టె గట్టిది, నిప్పు నిలుపును, బొగ్గు బాగుగా అగును. బీదసాదల పొయ్యిని ఇదియే కాపాడినది. ఈ చెట్టుతో మనకు టెక్సాసులో మరల పని గలదు గనుక పాఠకులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

పెరటిలోని నాలుగు పొయ్యిలు

మన తెలుగు పెరటిలో పనిని బట్టి వేరు వేరు పొయ్యిలుండెడివి. వానిలో నాలుగింటిని ఎన్నుకొని చెప్పెదము.

మొదటిది మట్టి పొయ్యి. మూడు రాళ్ళ పొయ్యికి మట్టి మెత్తిన రూపమే యిది. ఒక నోరు, ఒక కన్ను. లేదా ఒక నోరు, రెండు కండ్లు గల జంటపొయ్యి. జంటపొయ్యిలో ముందు కంటిపై అన్నము ఉడుకుచుండగా, మిగిలిన సెగ వెనుక కంటికి పోయి పప్పునో, నీళ్ళనో కాచును. నిప్పు ఒక చోట నుండగా దాని వేడి ప్రక్కకు ప్రయాణముచేసి మరియొక పని చేయుననెడి సూత్రము ఇక్కడనే మొలకెత్తినది. లోపమేమనగా దీనికి పొగగొట్టము లేదు. పొగయంతయు వండువారి కండ్లలోనికే.

రెండవది దాలి. నేలలో గుంటగాని, మట్టితో కట్టిన గూడుగాని చేసి, పిడకలు పేర్చి, రగిల్చి, పైన పాలకుండ నుంచెదరు. మంట లేదు, తొందర లేదు. ఉదయము పెట్టిన పాలు సాయంకాలమునకు ఎఱ్ఱగా కాగి, మందమైన మీగడ కట్టును. తక్కువ వేడి, ఎక్కువ కాలము అను వంట మనకు పాశ్చాత్యులు నేర్పినది కాదు; మన పాడి యిండ్లలో ప్రతిదినము జరిగినదే.

మూడవది గాడిపొయ్యి. పెండ్లికిని, సంతర్పణకును నేలలో పొడవైన గాడి త్రవ్వి, అందులో దుంగలు వేసి, పైన గుండిగలు వరుసగా నెక్కింతురు. గాలి వచ్చు దిక్కున నోరుంచి త్రవ్వినచో మంట గాడి పొడవునా ప్రాకును. అనుభవజ్ఞుడైన వంటవాడు త్రవ్వకముందే గుప్పెడు మన్ను ఎగురవేసి గాలి చూచుకొనును. నోటి దగ్గర గుండిగకు తీక్షణమైన సెగ, చివరి గుండిగకు మందమైన సెగ. ఎక్కడ పులుసు, ఎక్కడ పాయసము అనుట ఆ లెక్కను బట్టియే.

నాలుగవది ఊకపొయ్యి. ఇది వరితో వచ్చినది. నూరు బస్తాల ధాన్యము మరపట్టించినచో బరువులో సుమారు ఇరువది పాళ్ళు ఊకయే. గంగావతి, సింధనూరు పట్టణములలో బియ్యపు మిల్లులు పెరిగినకొలది ఊక కొండలుగా పేరుకొనినది. ఒక డబ్బాకు అడుగున ప్రక్కగా రంధ్రము చేసి, నడుమ ఒక గుండ్రని కఱ్ఱను, రంధ్రములో మరియొక కఱ్ఱను నిలిపి, చుట్టును ఊకనో, రంపపు పొట్టునో దట్టించి, కఱ్ఱలను మెల్లగా తీసివేయుదురు. ప్రక్క నుండి నడుమకు, నడుమ నుండి పైకి ఒక దారి ఏర్పడును. క్రింద అంటించిన నిప్పు ఆ దారి గోడలను లోపలినుండి కాల్చుకొనుచు గంటల తరబడి సమానముగా మండును. ఊదనక్కరలేదు, కట్టె నెట్టనక్కరలేదు. ఆ వేళలో స్త్రీ మరియొక పని చూచుకొనవచ్చును. దోషములు రెండు: మండుచుండగా మరల ఊక పోయుటకు వీలులేదు, దట్టించుట సరిగా లేనిచో పొగ ఊపిరాడనీయదు. ఊకలో అయిదవ వంతు బూడిదయే మిగులును. ఆ బూడిద అంట్లు తోముటకు శ్రేష్ఠము.

నిప్పొక చోట, వంటయొక చోట

ఈ నాలుగింటిలోను నిప్పు ముందు కూర్చుండు మనిషికి రక్షణ లేదు. నిప్పును బయట నుంచి, వేడిని మాత్రము లోపలికి పంపుట అను విద్య మనవారికి వ్యవసాయమున బాగుగా తెలియును. గుంటూరు ప్రాంతమున 1920 తరువాతి సంవత్సరములలో వర్జీనియా పొగాకు సాగు ప్రబలినది. ఆ ఆకును పదను చేయుటకు బ్యారన్లు కట్టిరి. బ్యారను అనగా ఎత్తైన గోడల గది. పొయ్యి గోడలో అమర్చి, కట్టెను బయటి నుండియే వేయుదురు. సెగ ఇనుప గొట్టముల గుండా గదిలో తిరిగి, పొగ మాత్రము పొగగొట్టము ద్వారా బయటికి పోవును. ఆకునకు వేడి తగులును గాని పొగ తగులదు. కట్టె వేయువాడు లోపలికి పోనక్కరలేదు. ఆకునకు పొగ తగిలిన ధర పడిపోవునని యింత శ్రద్ధ. వంట చేయు తల్లి ఊపిరితిత్తులకు ధర కట్టువారు లేనందున వంటయింటికి ఆ శ్రద్ధ చాలకాలము రాలేదు.

వచ్చిన కొద్దిమందిలో ఒకరు హైదరాబాదులోనే ఉండిరి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు అధిపతియైన డాక్టర్ ఎస్.పి. రాజు పొగలేని పొయ్యిపై పరిశోధన చేసి, 1953లో దానిని గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించిరి. తుంగభద్ర కాలువకు నీరు వచ్చిన ఏడే అది. అప్పటికి రాయచూరు ఆ హైదరాబాదు రాష్ట్రములోనిదే. పొలమునకు నీరిచ్చిన ప్రభుత్వమే వంటయింటికి ఈ పొయ్యిని గూడ ఇవ్వజూచినదన్నమాట. స్త్రీలకు పొగ నుండి, మసి నుండి, ఉడుకు నుండి, వ్యర్థవ్యయము నుండి, అగ్నిభయము నుండి విముక్తి కలిగింపవలెననునది ఆయన ఆశయము.

ఆ పొయ్యిని మట్టితోనే కట్టవచ్చును. ఒక చివర నిప్పు పెట్టు నోరు. దానిపై మొదటి కన్ను. అక్కడనుండి మూసిన దారి గుండా సెగ రెండవ, మూడవ కండ్లకు పోవును. చివరను పొగగొట్టము కప్పు మీదికి పోవును. సెగను హెచ్చించుటకు, తగ్గించుటకు దారిలో రేకు మూత గలదు. వేడి గాలి తేలికయైనది గనుక గొట్టములో పైకి లేచును. అది లేచినకొలది నోటి నుండి క్రొత్త గాలిని లోపలికి గుంజును. దీనికి విసనకఱ్ఱ గాని, ఊదుగొట్టము గాని అక్కరలేదు. వార్ధాలోని మగన్‌వాడిలో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన రోజులలోనే తయారైన మగన్ చూలా యును ఇట్టి బహుపాత్రల పొయ్యియే.

ఇంత మంచి పొయ్యి దేశమంతట ఏల నిలువలేదు? కారణములు మూడు. గొట్టము మసితో పూడుకొనిపోవును, నెలకొకసారియైనను తుడువవలెను. ఆ పని యెవరిదో యెవరును నిర్ణయించలేదు. దారి కొలత ఒక అంగుళము మారినను గుంజుడు చెడును. మేస్త్రీలు ఊరికొక కొలత పెట్టిరి. కండ్లకు సరిపడు పాత్ర ఇంటిలో లేనిచో సందులనుండి పొగ వచ్చును, సెగయు పోవును. కొన్ని చోట్ల ఇట్టి పొయ్యి పాత పొయ్యికంటె ఎక్కువ కట్టె తిన్నదని కూడ తరువాతి పరీక్షలలో తేలినది.

ఈ లోపములను చక్కదిద్దినవారు మన కర్ణాటకలోనే గలరు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో 1974లో ఆచార్య ఎ.కె.ఎన్. రెడ్డిగారి నాయకత్వమున ‘ఆస్త్ర’ అను విభాగము గ్రామములకు పనికివచ్చు విజ్ఞానము కొరకు వెలసెను. వారు 1980 ప్రాంతమున ‘ఆస్త్ర ఒలె’ను రూపొందించిరి. నిప్పుగదికి ఇనుప జల్లెడ వేసి, తలుపు పెట్టి, మూడు పాత్రలు బిగువుగా కూర్చుండునట్లు కొలతలు నిర్ణయించి, గొట్టము అమర్చిరి. కట్టెలోని వేడిలో పాత పొయ్యి పదింట ఒక వంతు మాత్రమే పాత్రకు అందించుచుండగా, ఇది మూడవ వంతు వరకు అందించినది. 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించి, 2002 వరకు నడిపి, దేశమున మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించినది. లెక్క గొప్పదే. కాని కట్టిన తరువాత వానిని చూచుకొనువారు తక్కువ. చాలభాగము కొలదికాలమునకే పాడుపడినవి. పొయ్యి నిచ్చినవారు ఇల్లాలిని అడుగకయే యిచ్చిరి. అందుచేత పాడైనప్పుడు ఆమెయు దానిని తనదిగా భావింపలేదు.

తరువాత గ్యాసు వచ్చినది. 2016లో ఉజ్వల పథకముతో బీద యిండ్లకును సిలిండరు చేరినది. క్యాంపుల వంటయిండ్లలో నేడు కట్టెపొయ్యి అరుదు. అది పెరటిలోనికి పోయి, నీళ్ళు కాచుకొనుటకును, పండుగ వంటకును మిగిలినది. అయినను లోకములో పొగ బెడద తీరలేదు. ఇంటి పొగవలన 2020వ సంవత్సరమున ప్రపంచమంతట సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది.

టెక్సాసు పెరడు

ఇక మన బిడ్డల ప్రశ్నకు వత్తము. అమెరికా దక్షిణ రాష్ట్రములలో బార్బెక్యూ అనునది మొదట గాడిపొయ్యియే. నేలలో పొడవైన గాడి త్రవ్వి, కట్టెను నిప్పులుగా చేసి, పైన మాంసము నుంచి రాత్రంతయు కాల్చెడివారు. వందలమందికి విందు. ఆ గాడి ప్రక్కన రాత్రంతయు పొగలో నిలుచున్నవారు మాత్రము ఎక్కువగా బానిసలుగా నున్న నల్లజాతివారు. విందు ఒకరిది, పొగ ఒకరిది అనుట అక్కడను ఇట్లే యుండెను.

పందొమ్మిదవ శతాబ్దమున టెక్సాసు మధ్యభాగమునకు జర్మనులు, చెక్ సీమలవారు వలస వచ్చి మాంసపు దుకాణములు పెట్టిరి. అమ్ముడుపోని మాంసము చెడకుండ ఇటుకతో కట్టిన పొగగూళ్ళలో నుంచి అమ్మిరి. నిప్పు ఒక చివర, మాంసము నడుమ, గొట్టము మరియొక చివర. వారును మనవలె వలసదారులే. తమతో తెచ్చుకొన్న విద్యను అక్కడ దొరకిన ఓకు కట్టెకు సరిచేసికొనిరి. తరువాత చమురు బావుల గొట్టములను కోసి అతుకువేయు పనివారు ఆ ఇటుక గూటిని ఇనుపపీపాగా మార్చి పెరటికి తెచ్చిరి. ఇదియే ఆఫ్‌సెట్ స్మోకర్. మన బ్యారనునకును దీనికిని భేదమొక్కటే. బ్యారనులో పొగ గొట్టములో పోవును. ఇందులో పొగయు వేడియు కలిసియే వంటపీపాలోనికి వచ్చి, మాంసమును తాకి, గొట్టము ద్వారా పోవును. రాజుగారి పొయ్యిని ఎఱిగినవారికి దీని గుంజుడు క్రొత్త కాదు.

ఎట్టిది ఎన్నుకొనవలె

మొదట సాధారణ రకము. ఇందులో నిప్పుపెట్టె వైపు వేడి ఎక్కువ, గొట్టము వైపు తక్కువ. గాడిపొయ్యిలో గుండిగల లెక్క తెలిసినవారికి ఇది దోషము కాదు, సౌకర్యమే. కోడిని సెగ వైపును, వంకాయలు, మొక్కజొన్న కండెలు మొదలగువానిని చల్లని వైపును ఉంచవచ్చును. నడుమనడుమ స్థానములు మార్చుచుండవలెను.

రెండవది తిరుగుదారి రకము. పీపా అడుగున ఒక ఇనుపరేకు పరచి, పొగ దాని క్రిందుగా చివరిదాక పోయి, వెనుకకు తిరిగి పైనుండి వచ్చి, నిప్పుపెట్టె వైపున్న గొట్టమునుండి పోవునట్లు చేయుదురు. వేడి పీపాయంతట ఇంచుమించు సమానముగా నుండును. పెద్ద రేకు వేడెక్కుటకు ఆలస్యము, కట్టెయు కొంత అధికము. సంఘము వారందరు కలిసినప్పుడు ఒకే వంటకము ఎక్కువగా చేయువారికి ఇది మేలు. నలుగురుండు యింటికి మొదటిదే చాలును.

మూడవది, వీటి ప్రక్కన చెప్పదగినది, నిలువు పీపా. నిప్పు క్రింద, తిండి పైన. ఇది మన ఊకపొయ్యికి చుట్టము. ధర తక్కువ, చోటు తక్కువ, కనిపెట్టి యుండవలసిన పనియు తక్కువ. ఆదివారము నాలుగు గంటల తీరిక మాత్రమే గలవారు పక్కపెట్టె పొయ్యిని కొని దాని ముందు దినమంతయు నిలువలేక విసిగిపోవుటకంటె దీనిని కొనుట వివేకము.

రకము నిర్ణయించుకొన్న తరువాత చూడవలసినవి ఇవి. రేకు మందము ముఖ్యము. పలుచని రేకు గాలి వీచిన వెంటనే చల్లబడును. పావు అంగుళము, అనగా ఆరు మిల్లీమీటర్ల ఇనుము వేడిని నిలుపును, కాని బరువు చాల అధికము. అద్దె యిండ్లు మారువారు ఆలోచించుకొనవలెను. నిప్పుపెట్టె వంటపీపాలో ఇంచుమించు మూడవ వంతు ఉండవలెను. చిన్నదైనచో నిప్పు ఊపిరాడక పొగ చిమ్మును. మూతలు, అతుకులు బిగువుగా నుండవలెను. గొట్టము మూతిని తెరచియే యుంచి, గాలి రంధ్రముతోను, కట్టె పరిమాణముతోను వేడిని అదుపు చేయవలెను. పీపాలో వేడి 107 నుండి 135 సెంటీగ్రేడు డిగ్రీల నడుమ నిలిచిన చాలును. మన దాలి ఓర్పే దీనికిని ఓర్పు.

కట్టె బాగుగా ఎండినది కావలెను. చిన్నదైనను చుఱుకైన మంట మంచిది. తెల్లని దట్టపు పొగ తిండికి చేదు పట్టించును. కనిపించీ కనిపించని నీలిపొగ రుచినిచ్చును. టెక్సాసులో ఓకుతో పాటు మెస్కీటు అను కట్టె ప్రసిద్ధము. అది మరేదియో కాదు, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టము. రాయచూరులో బీదవాని పొయ్యిలో మండిన కట్టె జాతియే అక్కడ దుకాణములో సంచులలో అమ్ముదురు. దాని పొగ ఘాటైనది గనుక మాంసమునకు కొద్దిగా వాడవలెను.

పెరటి పొయ్యిని పెరటిలోనే యుంచవలెను. కారు షెడ్డులో గాని, మూసిన వరండాలో గాని వెలిగింపరాదు. కంటికి కనబడని విషవాయువు ప్రాణము తీయును. అక్కడి యిండ్లు చాలవరకు కొయ్యతో కట్టినవి గనుక గోడకు పది అడుగుల దూరము అవసరము. పొరుగువారి కిటికీ వైపునకు గాలి పోవుచున్నదేమో చూచుకొనుట మర్యాద.

ఈ చరిత్రయంతయు చూచిన మీదట మాకు తోచిన సత్యమొక్కటియే. పొయ్యిని గూర్చి అడుగవలసిన మొదటి ప్రశ్న రుచి కాదు, ధర కాదు. దాని పొగ ఎవరి మీదికి పోవుచున్నది అనునదే. రాయచూరు సీమలో మన పురుషులు కాలువ నీటిని గజము గజముగా కొలిచి పంచుకొనిరి. పొగను మాత్రము పంచుకొనలేదు. అది స్త్రీల పాలికే విడిచిరి. నేడు టెక్సాసు పెరటిలో మగవారు ఆదివారమునాడు ఉత్సాహముగా పొగ ముందు నిలిచి వండుచున్నారు. సంతోషించదగిన మార్పే. అయితే వారు తమ యిష్టముచేత నెలకొకనాడు నిలుచుచున్నారు. వారి అవ్వలు విధిలేక దినమునకు రెండు పూటలు కూర్చుండిరి. ఈ భేదమును మరువరాదు.

క్యాంపులకు తొలిదినములలో వచ్చిన స్త్రీలలో జీవించియున్నవారు నేడు మిక్కిలి వృద్ధులు. ఎవరి భూమి యెన్ని యెకరములో పత్రములు చెప్పును. ఎవరింట ఏ పొయ్యి యుండెనో, దేనితో మండించిరో, ఎవరు కట్టిరో ఏ పత్రమును చెప్పదు. ఈ పండుగకు ఇంటికి వచ్చు యువతీయువకులు, దూరముననున్నవారు ఫోనులోనైనను, తమ అమ్మమ్మలను, నాయనమ్మలను ఈ మాట అడిగి వ్రాసియుంచవలసినదిగా కోరుచున్నాము. అది మన వలస చరిత్రలో ఇంతవరకు ఎవరును వ్రాయని అధ్యాయము.